కుడి సీటు బరువు

ఫిబ్రవరి 3

విమానం అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. కారణాలు మూడు. మోకాలి నొప్పి. చూపు మునుపటిలా లేదు. తీరిక లేదు.

మూడోది అబద్ధం. మా ఆవిడ పోయిన ఈ ఐదు నెలల్లో నాకు మిగిలింది తీరిక ఒక్కటే.

మెకానిక్‌కి ఫోను చేసి చెప్పాను. "సరే సార్, ఒళ్లు తుడిపించి ఉంచుతాను" అన్నాడు, గుర్రాన్ని అమ్ముతున్నట్టు.

ఫిబ్రవరి 4

ప్రకటన రాశాను. నాలుగు సీట్లు, ఒక ఇంజను, ఆరేళ్ల వయసు, మొదటినుంచీ ఒకే యజమాని. 'అమ్మడానికి కారణం' అన్నచోట ఖాళీ వదిలేశాను.

ఫిబ్రవరి 7

ప్రకటన చూసి ఒక కంటి డాక్టరు ఫోను చేశాడు. ఈమధ్యే లైసెన్సు వచ్చిందట. "క్లబ్బు విమానం కూడా ఎగురుతుంది కదండీ. సొంతదానిలో ఏముంది, మనిషికి ఇంత పిచ్చెక్కిస్తుంది?" అని అడిగి తనే నవ్వాడు. ఆయనకు జవాబు తెలుసు. నా నోటితో వినాలని సరదా.

ఆ జవాబు ఇక్కడ రాస్తాను.

ముప్పై రెండేళ్లు లిఫ్టులు బిగించాను. జనాన్ని నాలుగు గోడల మధ్య పైకీ కిందికీ తిప్పి బతికాను. ఎంత ఎత్తుకు పోయినా పైన ఒక మోటారు గది, దానికో తాళం. యాభై నాలుగో ఏట మొదటిసారి ఆ విమానం తలుపు తీసి ఎడమ సీట్లో కూర్చున్నాను. కొత్త తోలు వాసన. ఎదురుగా రెండు పెద్ద తెరలు. ఇంజనులో ఆరు సిలిండర్లుంటే ఆరింటి వేడీ విడివిడిగా కనిపిస్తుంది. ఉన్న పెట్రోలుతో ఎంత దూరం పోగలమో మ్యాపు మీద పచ్చటి గీత గీసి చూపిస్తుంది. తల మీద ఎర్ర పిడి ఒకటుంది. లాగితే మొత్తం విమానానికే పారాచూట్ విచ్చుకుంటుంది. ఇంత జాగ్రత్తగా తయారైన వస్తువును నా వృత్తిలో ఎక్కడా చూడలేదు. ఏది చెడబోతున్నా ముందే చెబుతుంది. నన్ను పట్టుకున్నది అదే. ఎగరడం కాదు.

కాదు, ఎగరడం కూడా. పొద్దున ఏడింటికి ఎవర్నీ అడగకుండా హ్యాంగరు తాళం తీసి, దాన్ని చేతుల్తో బయటికి తోసి, ఎనిమిదింటికల్లా మేఘాల మీద ఉండటం. టికెట్టు లేదు. వరుసలో నిలబడేది లేదు. పైకి వెళ్లాక ఇంజను గొంతు ఒకచోట సర్దుకుంటుంది. ఆ తరవాతి నిమిషంలో మనిషికి వయసుండదు.

ఆమె దాన్ని మొదటిసారి చూసినప్పుడు మెల్లగా చుట్టూ తిరిగి, తోకదాకా వెళ్లి వచ్చి, "మొత్తానికి నాకు సవతిని తెచ్చారన్నమాట" అంది. అప్పట్నుంచీ దాని పేరు అదే. మెకానిక్‌ని కూడా అలాగే పలకరించేది. "ఏం బాబూ, మా సవతికి ఒంట్లో కులాసాయేనా?"

కంటి డాక్టరును పద్దెనిమిదో తారీకున రమ్మన్నాను.

ఫిబ్రవరి 9

ఆదివారం. అమ్మాయి ఫోను.

"తిన్నావా నాన్నా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"నిన్నటిదే."

"పోయిన వారం అడిగినా నిన్నటిదే అన్నావు. ఆ నిన్న ఎప్పటిది?"

విమానం అమ్ముతున్నానని చెప్పాను. "అమ్మ సవతినా?" అని నవ్వింది. నవ్వు మధ్యలో తెగిపోయింది.

మళ్లీ కోటు సంగతే. కిందటేడు జనవరిలో వాళ్లమ్మ వీడియో కాల్ చేసి, అమ్మాయి కాలేజీ నాటి కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, "నాకు పడుతోంది చూడవే" అని చూపించిందట. ఇది "సూపర్ అమ్మా, ఏం చేస్తున్నావో నాక్కూడా చెప్పు" అందట. ఐదు నెలల తరవాత కడుపులో గడ్డ బయటపడింది. "ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే మాట వేరుగా ఉండేది" అని డాక్టరు అన్నప్పుడు అమ్మాయి నా పక్కనే ఉంది.

"నీకు తెలియకపోవడంలో తప్పేం లేదు నాన్నా. రోజూ చూసేవాళ్లకి తెలీదు, కొంచెం కొంచెంగా తగ్గితే కంటికి ఆనదు. దూరాన ఉన్నదాన్ని, నాకు తెలియాలి. నేను కళ్లారా చూశాను. చూసి మెచ్చుకున్నాను."

"ఫోను తెరలో ఏం తెలుస్తుందమ్మా" అన్నాను. ప్రతి ఆదివారం అదే అంటాను.

ఫిబ్రవరి 12

కాగితాలు తీసుకోవడానికి హ్యాంగరుకి వెళ్లాను. సవతి తళతళలాడుతోంది. మెకానిక్ రెక్క కింద పడుకుని టైరు చూస్తున్నాడు. లేచి రాలేదు. పాదాలతోనే పలకరించాడు.

తలుపు పక్కన నా తూకం మిషను అలాగే ఉంది. లిఫ్టులో రాసి ఉండే బరువు ఎవరూ చదవరు. నాకు తిండి పెట్టింది ఆ అంకె, నేను చదువుతాను. పైగా మేం ఎక్కువగా వెళ్లేది సముద్రం పక్కనున్న పొట్టి రన్‌వేకి. అక్కడ పెట్రోలు దొరకదు. రానూపోనూ సరిపడా ఇక్కడే నింపుకోవాలి. తిరిగి లేచేటప్పుడు రన్‌వే చివర ఒక ఇటుక గోడ. అందుకని ఎక్కేముందు ప్రతిసారీ అన్నీ తూచి కాగితం మీద రాసేవాణ్ణి. ఎడమ సీటు, కుడి సీటు, సంచి, పెట్రోలు. ఆమె చెప్పులు విప్పి మిషను ఎక్కి నిలబడి, "అనవసరంగా లిఫ్టుల్లోకి వచ్చారండీ, కూరగాయల కొట్టు పెట్టాల్సిన మనిషి" అనేది.

ఆఖరి ఏడాది ఫైలు అల్మారా పైఅరలో ఉంది.

"అవి కొనేవాళ్లకి అక్కర్లేదు సార్" అన్నాడు మెకానిక్, రెక్క కిందినుంచే. "ఎవరి బరువులు వాళ్లవి. చెత్తలో వేసేయనా?"

"వద్దు. చూసి నేనే పారేస్తాను."

ఫిబ్రవరి 13

ఫైలు బల్ల మీద ఉంది. బల్ల తుడిచాను, ఫైలు చుట్టూ.

ఫిబ్రవరి 14

ముప్పై ఒక్క కాగితాలు. ఆఖరి ఏడాది నాతో ముప్పై ఒక్కసార్లు వచ్చింది.

మొదటిది మే నెలది. ఎడమ సీటు 78. కుడి సీటు 64. జులైలో 62. అక్టోబరులో 60. డిసెంబరు మొదటివారం 59. ఫిబ్రవరిలో 56, ఏప్రిల్ ఆఖరున 53. తరవాత కాగితాల్లేవు. జూన్‌లో ఆసుపత్రి.

ఎడమ సీటు మొదట్నుంచి చివరిదాకా 78.

నా చేతిరాతే. ఎక్కడా కొట్టివేత లేదు. అక్టోబరు కాగితం అంచున ఇలా ఉంది: 'కుడి సీటు 60. పెట్రోలు ఐదు లీటర్లు అదనంగా వేసుకోవచ్చు. భేష్.'

భేష్ కింద గీత కూడా గీశాను.

మొత్తం పదకొండు కిలోలు. అంటే పదిహేను లీటర్లు. గాలిలో పావుగంట. ఆమె కరిగిపోతుంటే నాకు పావుగంట కలిసొచ్చింది.

ఆరు నెలల ముందంటే డిసెంబరు. డిసెంబరుకే ఐదు కిలోలు పోయాయి. అదే నెలలో ఒకరోజు మూడో సిలిండరు వేడి మామూలు కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది. వెంటనే వెనక్కి తిప్పి దింపేశాను. చీకటి పడేదాకా మెకానిక్‌ని కదలనివ్వలేదు.

ఫిబ్రవరి 15

పేరు కూడా రాయలేదు. కుడి సీటు అంతే.

ఫిబ్రవరి 16

ఆదివారం. అమ్మాయి గొంతు బొంగురుగా ఉంది. నిద్ర మాత్రలు రాసిచ్చారట. వాటితో కూడా మూడు గంటలకు మించి పట్టడం లేదు. ఆఫీసుకి సెలవు పెట్టింది.

"కళ్లు మూస్తే ఆ కోటే నాన్నా. గుండీలు పెట్టుకుంటూ ఉంటుంది. నేను నవ్వుతూ ఉంటాను. అప్పుడు నేనొక్క మాట అడిగుంటే? ఎందుకు తగ్గుతున్నావమ్మా అని ఒక్క మాట?"

ఫైలు నా ఎదురుగానే ఉంది.

"నాన్నా, వింటున్నావా?"

"వింటున్నాను."

"ఏమీ అనవేం? అమ్మ నిజమే చెప్పింది. మీ నాన్నతో మాట్లాడటం, లిఫ్టు మీట నొక్కి నిలబడటం ఒకటే, వస్తోందో లేదో తెలిసి చావదు అనేది."

నవ్వాను. అదీ నవ్వింది. పెట్టేసింది.

చెప్పలేదు. చెబితే దానికి నిద్ర పడుతుంది. నాకు కూతురుండదు.

ఫిబ్రవరి 18

కంటి డాక్టరు వచ్చాడు. మనిషి బొద్దుగా, హుషారుగా ఉన్నాడు. ఎక్కేముందు తూకం మిషను చూసి "ఇదేంటండీ, నాకూ తప్పదా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఇద్దరమే, పెట్రోలు సగమే, పెద్ద రన్‌వే.

ఆయన్ని కుడి సీట్లో కూర్చోబెట్టాను.

ఇంజను మొదటిసారికే అందుకుంది. ఇన్ని నెలలు వదిలేసినందుకు అలకేమీ లేదు. నేల వదిలాక ఆయన "అబ్బ" అన్నాడు. పైన గాలి నిలకడగా ఉంది. కంట్రోలు ఆయన చేతికిచ్చి, "గట్టిగా పట్టుకోకండి, దాని మానాన అది పోతుంది" అన్నాను. చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. కింద నది తెల్లగా వంపు తిరిగి కనిపించింది. కుడివైపు తిరిగి "అదిగో చూడు" అన్నాను.

"ఏదండీ?" అన్నాడు కంటి డాక్టరు.

నలభై నిమిషాలు ఆమె లేదన్న సంగతి గుర్తు లేదు. హాయిగా ఉన్నాను. అదే నన్ను పిండేస్తోంది.

కిందికి దిగాక ఆయన తీసుకుంటానన్నాడు. ఆయన వెళ్లేదాకా మెకానిక్ గుడ్డ పట్టుకుని తుడిచిన అద్దమే తుడుస్తున్నాడు.

"సార్, అమ్మేస్తున్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. కొనేవాళ్లకి తప్పులున్న రిపేర్ల పుస్తకం ఇవ్వకూడదు. బ్యాటరీ దిగిపోయిందని రెండుసార్లు రాశాను, కిందటి ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి. దిగలేదు సార్."

"మరి?"

"మేడమ్ ఫోను చేశారు. కడుపులో నొప్పిగా ఉంది బాబూ, నేను రానంటే ఆయనా మానేసి రోజంతా మొహం ముడుచుకుని కూర్చుంటారు, నా సవతికే ఒంట్లో బాలేదని చెప్పెయ్యి అన్నారు. అజీర్తే అన్నారు. నేనూ అజీర్తే అనుకున్నాను."

"నాకు చెప్పాలి కదయ్యా."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మీ చేత అరగంట తిట్లు తిన్నాను కదా సార్, రెండుసార్లూ."

ఆ రెండు రోజులూ ఇంటికొచ్చి ఆమె ఎదురుగా కూర్చుని బ్యాటరీని తిట్టాను. "పోనీలెండి, వచ్చేవారం వెళదాం" అంది.

ఫిబ్రవరి 19

చెప్పకపోవడానికి ఆలోచించిన కారణాలు. అమ్మాయిది చిన్న వయసు, కాలం గడిస్తే అదే సర్దుకుంటుంది. చనిపోయిన మనిషి గురించి తవ్వుకోవడం వల్ల ఒరిగేదేం లేదు. మాత్రలు మార్చితే సరిపోవచ్చు. అసలు ఆ తూకం మిషను పాతది. కచ్చితంగా చూపించి ఉండదు.

ఆఖరిదాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

హ్యాంగరుకి వెళ్లాను. లిఫ్టులకు వాడే ఇరవై కిలోల దిమ్మలు మూడు తీసుకెళ్లాను. ఒకటి పెట్టాను. ఇరవై. రెండు. నలభై. మూడు. అరవై.

"మిషను కూడా అమ్ముతున్నారా సార్?" అన్నాడు మెకానిక్.

ఫిబ్రవరి 21

అమ్మాయికి నేనే ఫోను చేశాను. ఆదివారం ఒకసారి రాగలవా అన్నాను.

"ఏమైంది? పడ్డావా? గుండె ఏమైనా…"

"బాగానే ఉన్నాను."

"నువ్వు రమ్మని పిలవడమేంటి?" అంది. నిజమే. పిలిచేది ఎప్పుడూ ఆమె.

విమానం కొన్నప్పుడు, ఇక అమ్మాయిని నెలకు రెండుసార్లు చూసి రావచ్చని ఆమెకు చెప్పాను. బస్సులో నాలుగు గంటలు, గాలిలో నలభై నిమిషాలు. ఆ ఊరికి దగ్గరలో దిగే చోటు లేదని నాకు అప్పుడే తెలుసు. ఆరేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. సముద్రం దగ్గరికి మాత్రం వెళ్లాం.

ఫిబ్రవరి 23

పదకొండుకి వచ్చింది. రెండు రోజులుంటానని బట్టలు తెచ్చుకుంది. కళ్ల కింద నలుపు. వచ్చీ రాగానే ఫ్రిజ్ తలుపు తీసి చూసి, "ఓహో, ఆ నిన్నటిది ఇదేనా" అంది.

కాఫీ కలిపి ఇచ్చాను. ఫైలు దాని ముందు పెట్టాను. మాటలతో మొదలుపెడితే ఎక్కడో తప్పించుకుంటానని తెలుసు.

మొదటి రెండు కాగితాలు ఊరికే తిప్పింది. మూడోదాని దగ్గర ఆగింది.

"కుడి సీటంటే అమ్మేనా?"

"అవును."

మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి తారీకులు చూస్తూ, వేలు ఒకే వరస మీద పెట్టి, మెల్లగా. అక్టోబరు దగ్గర వేలు ఆగింది. "భేష్" అని పైకి చదివింది. "ఎవరు రాశారిది?"

"నేనే."

చివరిదాకా చదివింది. కాగితాలన్నీ అంచులు కలిపి సర్దింది. వాళ్లమ్మకీ అదే అలవాటు, మాట్లాడే ముందు ఏదో ఒకటి సర్దాలి.

"నేను ఒకసారి చూశాను. తెరలో. నువ్వు ముప్పై ఒక్కసార్లు తూచావు."

"అవును."

"నీ చేత్తో రాశావు."

"అవునమ్మా."

"రోజూ చూసేవాళ్లకి కంటికి ఆనదని పిన్నితో కూడా వాదించాను నాన్నా. మీ నాన్న ఏం చేస్తున్నట్టు అని తనంటే, తనతో మాటలు మానేశాను. నీకు కంటికి ఆనకపోవడం ఏంటి? అంకెల్లో ఉంటేను!"

"నాకు గోడ ఒక్కటే కనిపించింది."

"ఏ గోడ?"

"సముద్రం దగ్గర. రన్‌వే చివర. బరువు తగ్గితే గోడ దాటడం తేలిక. అంతకు మించి ఆలోచించలేదు."

నావైపు చూసింది. చాలాసేపు. నేను కళ్లు దించలేదు. అది నా గొప్పతనం కాదు, ఎటు చూడాలో తెలియలేదు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాను. నొప్పి దాచి, మెకానిక్ చేత అబద్ధం ఆడించిందని. నేను మొహం ముడుచుకుంటానని భయపడి. అప్పుడు ఏడ్చింది. నేను లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నాకు ఎందుకు చూపించావు? చింపేస్తే ఎవరికి తెలిసేది?"

"నీకు నిద్ర పట్టడం లేదన్నావు కదా."

లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. విప్పని సంచి భుజాన వేసుకుంది. ఫైలు సంచిలో పెట్టుకుంది.

"బస్టాండు దాకా దింపుతాను."

"వద్దు. నడుస్తాను."

వీధి మలుపు దాకా కనిపించింది. వెనక్కి చూడలేదు. కాఫీ సగమే తాగింది.

ఫిబ్రవరి 24

కప్పు కడిగాను.

ఫిబ్రవరి 27

క్షేమంగా చేరిందో లేదో అడగలేదు. చేరే ఉంటుంది. ఏమైనా అయితే అల్లుడు ఫోను చేస్తాడు.

అప్పుడప్పుడు అనిపిస్తోంది, విమానంలో ఆ తెరలు తయారుచేసినవాళ్లు ఇంకో గడి పెట్టి ఉంటే బాగుండేదని. కుడి సీటు బరువు పోయినసారి కన్నా తక్కువ, గమనించండి అని. ఎర్ర అక్షరాల్లో.

పెట్టినా చూసేవాణ్ణి కాదేమో. పెట్రోలు గడికేసి చూసేవాణ్ణి.

మార్చి 1

కంటి డాక్టరు భార్యతో కలిసి వచ్చి విమానం తీసుకెళ్లాడు. సంతకాలు హ్యాంగరులోనే, పనిముట్ల బల్ల మీద. ఆవిడ దూరంగా నిలబడి చూస్తోంది. పల్చటి మనిషి. "నాకు భయం లేదండీ, ఈయన కారు నడపడం కన్నా ఇదే నయమట" అంది.

తూకం మిషను ఆయనే అడిగి తీసుకున్నాడు. "మీ పద్ధతి నాకు నచ్చిందండీ. ప్రతిసారీ తూచి రాస్తాను."

ఆ క్షణంలో చెప్పాల్సింది ఉంది. నోటిదాకా వచ్చింది. ఆవిడ చెప్పులు విప్పి మిషను ఎక్కి నవ్వుతోంది.

"టైర్లలో గాలి చూసుకుంటూ ఉండండి" అన్నాను.

ఆయన వెళ్లబోతుంటే మళ్లీ పిలిచాను. "కాగితం మీద మీ ఆవిడ పేరు రాయండి. సీటు అని రాయకండి."

వింతగా చూసి "అలాగేనండీ" అన్నాడు.

లేచింది. చక్కగా లేచింది. చుక్క అయ్యేదాకా మెకానిక్ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. "మేడమ్ సవతి వెళ్లిపోయింది సార్" అన్నాడు. హ్యాంగరు ఇంత పెద్దదని తెలియదు నాకు.

మార్చి 10

సోమవారం, మధ్యాహ్నం. అమ్మాయి.

"నాన్నా."

"చెప్పమ్మా."

"నిద్ర పడుతోంది. నాలుగు రోజుల నుంచి మాత్ర వేసుకోవడం లేదు. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను."

"మంచిది."

"కోటు కనిపించడం లేదు. ఇప్పుడు నువ్వు కనిపిస్తున్నావు. పెన్ను పట్టుకుని. నీతో కొన్నాళ్లు మాట్లాడలేను నాన్నా. కోపమో ఏంటో నాకే తెలీదు. ఎన్నాళ్లో కూడా తెలీదు. నువ్వు చెయ్యకు. చేసేటప్పుడు నేనే చేస్తాను."

"సరే."

"రోజూ వండుకో. నిన్నటిది తినకు."

"సరేనమ్మా."

"పెట్టేయనా?"

"పెట్టేయి."

కాసేపు ఇద్దరం పెట్టలేదు. వాళ్లింట్లో గడియారం చప్పుడు వినిపించింది. తరవాత అదే పెట్టేసింది.

మార్చి 16

ఆదివారం. వండుకున్నాను. ఫోను రాలేదు. దానికి నిద్ర పడుతున్నట్టే.